పాపం పిల్ల

మనవాళ్ళకు ఒక మనిషి అర్థం కాకపోతే ఊరికే ఉండలేరు, ఏదో ఒక పేరు పెట్టేస్తారు. పేరు పెట్టాక ఇక ఆ మనిషి వైపు చూడనక్కర్లేదు కదా, పేరు వైపు చూస్తే సరిపోతుంది. స్పందనకు పుట్టినప్పటి నుంచీ పేర్ల కరువు లేదు. పిలిస్తే పలకదని సిద్దిపేటలో మేనత్తలు మొద్దు అన్నారు. బోర్డు మీద టీచరు చేసిన తప్పును టీచరుకే చూపించినందుకు తలపొగరు అన్నారు. పెళ్ళి పందిట్లో బ్యాండ్ మోగగానే మేడెక్కి కూర్చుంటే నక్రాలు అన్నారు. ఇంజనీరింగ్ హాస్టల్లో అందరూ కలిసి రోబో అని ఖాయం చేశారు. ఇవన్నీ ఆమె మోసింది. మోయలేని పేరు ఒకటి ఆమె కోసం కెనడాలో కాచుకుని ఉంది. దాన్ని పెట్టినవాళ్ళు ఆమెను ప్రేమించినవాళ్ళే కావడం మరీ విడ్డూరం.

అది విద్యార్థులు విమానాల నిండా దిగుతున్న కాలం. గ్వెల్ఫ్ అనే ఆ ఊళ్ళో ఒక గది ఖాళీ అయిందని తెలిస్తే అరగంటలో ఇంటి ముందు పెళ్ళిచూపుల్లా బారులు తీరేవారు. బేస్‌మెంట్‌లో కిటికీ ఉంటే దాన్ని వ్యూ అనేవారు. అలాంటి బేస్‌మెంట్‌లోనే స్పందన ఇద్దరమ్మాయిలతో కలిసి ఉండేది. ఒకరు తెనాలి స్నేహ, ఆమె క్లాస్‌మేట్. మరొకరు ఒంగోలు సుగుణ. ముగ్గురికీ వంట టర్న్‌లు ఉండేవి. టర్న్ ఎగ్గొట్టినవాళ్ళ గతి ఏమయ్యేదో ఆ వంటింటి గోడలకే తెలుసు.

స్పందనతో గొడవ లేని వారం ఆ ఇంట్లో లేదు. నీ రసం నీళ్ళకు చుట్టం అని స్పందన సుగుణ మొహం మీదే చెప్పేది. నీ రెజ్యూమేలో రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ అబద్ధం, చదివితేనే తెలిసిపోతోంది అని స్నేహతో అంది ఒకరోజు. స్నేహ గరిట విసిరి, "నీకు పొగరే, నీతో ఉండటం నా కర్మ" అని తలుపు ధడాలున వేసుకుంది. తర్వాత తనే వచ్చి, "సర్లే, ఏం రాయాలో నువ్వే చెప్పి ఏడువు" అని లాప్‌టాప్ ముందు పెట్టింది. స్పందనకు ఆ ఇల్లు అందుకే ఇష్టం. అంతకు ముందు జనం ఆమెను తప్పించుకునేవారే తప్ప ఆమెతో తగువు పెట్టుకునేంత దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. ఇక్కడ తిట్టిన నోటితోనే తిన్నావా అని అడిగేవారు. పొగరు అనే మాట ఎంత చెడ్డదైనా దాన్ని సాటి మనిషినే అంటారు, కుర్చీనో బల్లనో ఎవరూ పొగరుబోతు అనరు.

సెప్టెంబరు నుంచి పక్క వీధిలో ఒక ఇంటి పై అంతస్తు అద్దెకు దొరికే యోగం పట్టింది. నిజమైన కిటికీలు, పొయ్యి మీద నిజమైన వెలుతురు. ముగ్గురూ లీజు మీద సంతకం పెట్టి అక్కడికి మారాలని అనుకున్నారు. స్పందన ఆ కిటికీలను తలుచుకుంటూ నిద్రపోయేది. కిటికీల కన్నా, ముగ్గురం అన్న మాట ఆమెకు ఎక్కువ తీపిగా ఉండేది.

అంతా సవ్యంగా ఉండగా పరీక్షలు వచ్చాయి. కాలేజీ వాళ్ళు స్పందనకు విడిగా ఒక నిశ్శబ్దమైన గది ఇచ్చారు. ట్యూబ్‌లైట్ల రొద, వందమంది పెన్నుల గీకుడు మధ్య ఆమె రాయలేకపోయేది. స్నేహ ఇంటికొచ్చి సంచి కూడా దించకుండా నిలదీసింది.

"ఏంటే, నీకొక్కదానికే స్పెషల్ రూమ్? ఏం లంచమిచ్చావ్?"

స్పందనకు అబద్ధం చెప్పడం చేతకాదని కాదు. చెప్పాల్సిన అవసరం కనపడలేదు, అంతే.

"నేను ఆటిస్టిక్. బీటెక్‌ల ఉన్నప్పుడు హైదరాబాద్‌ల డాక్టర్ చెప్పింది. కాలేజీల చెప్పిన, రూమ్ ఇచ్చిన్రు."

ఆ మాట ఆమెకు చేదు మాట కాదు. డాక్టరు నోట విన్న రోజున ఆమె ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని సంతోషంతో ఏడ్చింది. ఇన్నేళ్ళూ చిన్న సైజు చెప్పులు తొడిగి, కుంటుతున్నావేమే అని తిట్టినట్టయింది కదా తన బతుకు! తప్పు కాళ్ళది కాదని ఎవరో ఒకరు చెప్పారు. ఆమెకు పడ్డ పేర్లన్నిటిలో ఆమెకు సరిపోయింది అదొక్కటే.

కానీ ఆ వంటింట్లో ఆ మాట వేరేగా పనిచేసింది. స్నేహ సంచి నెమ్మదిగా కిందికి దించింది. సుగుణ చేతులు తుడుచుకుంటూ వచ్చి స్పందన రెండు చెంపలూ పట్టుకుంది. ఎవరైనా హఠాత్తుగా ముట్టుకుంటే ఆమెకు ఒళ్ళు జలదరిస్తుందని సుగుణకు తెలుసు, అయినా పట్టుకుంది. "పాపం, ఇన్నాళ్ళూ ఎంత బాధపడ్డావే తల్లీ" అంది.

అంతే, మర్నాటి నుంచి స్పందన మనిషి కాకుండా పోయింది. వంటకు లేస్తే, "నువ్వు రెస్ట్ తీసుకో బంగారం, నీ టర్న్ నేను చేస్తాలే" అనేది సుగుణ. గిన్నెలు తోమబోతే స్నేహ చేతిలోంచి పీచు లాగేసుకునేది. ఇద్దరూ ఆమెతో ఒక్కో మాటా విడివిడిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు పలికేవారు. రసం నీళ్ళగా ఉందని స్పందన మళ్ళీ అంది, పోనీ ఇప్పుడైనా తగువొస్తుందేమోనని. సుగుణ తల ఒక పక్కకు వంచి, "థాంక్యూ ఫర్ షేరింగ్, నాన్నా" అని నవ్వింది.

సుగుణ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో ఉన్న ఆమె మేనత్త శాంత ఆంటీకి చేరింది. శాంత ఆంటీ భర్త కోదండరామ్ గారు. పదేళ్ళు అమెరికాలో కోడు రాసి, గ్రీన్‌కార్డు రాక విసిగి, కెనడా వచ్చి శాశ్వత నివాసానికి పీఆర్ కొట్టి, డబుల్ గరాజ్ ఇల్లు కొన్న పెద్దమనిషి. తెలుగు సంఘంలో ఏ పదవి ఖాళీ అయినా ఆయన అందులో కూర్చుంటారు. పరాయి కష్టమంటే ఆయనకు ప్రాణం. ఎక్కడ కష్టముందని తెలిసినా కారేసుకుని వచ్చి దాన్ని పెద్దది చేసి వెళ్తారు. మూడు వారాలు తిరిగాక ఒక శనివారం దంపతులిద్దరూ మిఠాయి డబ్బాతో దిగారు.

"చూస్తే అలా లేవే అమ్మా!" అని ఆశ్చర్యపోయింది శాంత ఆంటీ, సోఫాలో కూర్చుంటూనే. "చక్కగా కళ్ళలోకి చూస్తున్నావ్, చక్కగా జడేసుకున్నావ్. నీది మైల్డే అయ్యుంటుందిలే."

హోటల్లో కారం మైల్డా, స్పైసీయా అని అడిగినట్టుంది ఆ వరస. స్పందన ఆమె కనుబొమల మధ్య బొట్టును చూస్తోంది, కళ్ళలోకి కాదు. అది చెప్పి ఏం లాభం?

"చిన్నప్పుడు నాలుక్కి వసకొమ్ము సరిగ్గా రాసుండరు మీవాళ్ళు" అని కారణం కూడా తేల్చేసింది ఆంటీ.

కోదండరామ్ గారు గొంతు సవరించుకున్నారు. "నువ్వు నీలో ఏదో లోపముందని ఫీలవ్వకమ్మా. ఇలాంటి పిల్లలు దేవుడి బిడ్డలు. స్పెషల్ చిల్డ్రన్. ఏదో ఒక దాంట్లో జీనియస్ ఉంటారు. నీ టాలెంట్ ఏంటి, లెక్కలా?"

"లెక్కల్ల నాకు సప్లీ ఉండె అంకుల్."

"మ్యూజిక్కా? బొమ్మలేస్తావా? పోనీ డేట్ చెప్తే ఏ వారమో చెప్పేస్తావా?"

"ఫోన్‌ల చూసి చెప్తా."

ఆయన కొంచెం నిరాశపడ్డారు. టికెట్టు కొని సర్కస్‌కు వస్తే ఏనుగు రాలేదన్నట్టుంది మొహం. అయినా పట్టు వదల్లేదు. "ఆటిజంతో బాధపడుతూ కూడా ఇంత దూరం వచ్చి చదువుతున్నావంటే…"

"నేను ఆటిస్టిక్ అంకుల్. దాంతోటి నేను బాధపడ్తలేను. ట్యూబ్‌లైట్‌ తోటి బాధపడ్త. జనం మాటలతోటి బాధపడ్త."

"అలా అనకూడదమ్మా" అన్నారాయన, ఎంతో దయగా. "ఆటిస్టిక్ అనకూడదు. పర్సన్ విత్ ఆటిజం అనాలి. మాకు ఆఫీసులో ట్రైనింగ్ ఇచ్చారు, సర్టిఫికెట్ కూడా ఉంది నాకు."

తనను తాను ఏమని పిలుచుకోవాలో చెప్పడానికి తన దగ్గర సర్టిఫికెట్ లేదు, ఆయన దగ్గర ఉంది. సొంత తలనొప్పికి కూడా పక్కింటాయన వచ్చి ఉచ్చారణ దిద్దితే ఇక ఆ తల ఎవరిది?

అప్పుడు అసలు సంగతి బయటపడింది. లీజు మీద ఇద్దరి పేర్లే ఉండటం మంచిదని ఆయన ఆలోచన. స్పెషల్ నీడ్స్ ఉన్న పిల్ల మీద అంత బాధ్యత పెట్టడం పాపం. స్పందన కేంబ్రిడ్జ్‌లో వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉండొచ్చు. శాంత ఆంటీ కన్నకూతురిలా చూసుకుంటుంది, మూడు పూటలా అన్నం పెడుతుంది, కాలేజీకి దింపుతుంది, వంట చింత అసలే ఉండదు.

"మీరిద్దరేమంటరు?" అని స్పందన తన వాళ్ళను అడిగింది.

"నీ మంచికేగా బంగారం" అంది సుగుణ. స్నేహ తన కాలి వేళ్ళను చూసుకుంది, ఏమీ అనలేదు. ఆ మౌనమే స్పందనకు ఎక్కువ గుచ్చుకుంది. సుగుణ మెత్తనిది, ఎటు గాలి వీస్తే అటు. స్నేహ అలాంటిది కాదు. గరిట విసిరే స్నేహ వేళ్ళు చూసుకుంటూ కూర్చుందంటే ఇక ఈ ఇంట్లో తనకు మిగిలిందేమీ లేదు.

లీజు సంతకాలు మరుసటి ఆదివారం. ఆ రోజు భోజనానికి వచ్చి, స్పందన సామాను కారులో వేసుకుని వెళ్తామని దంపతులు చెప్పి లేచారు.

ఆ వారమంతా స్పందన ఒకటే ఆలోచించింది. దయ తప్పని చెబితే దయగా వింటారు. కోపగిస్తే దయగా ఓర్చుకుంటారు. ఏం చేస్తే వీళ్ళు తనతో నిజం మాట్లాడతారు? చివరికి ఆదివారం వంట తనే చేస్తానంది. సుగుణ స్నేహ వైపు, స్నేహ సుగుణ వైపు చూసుకున్నారు. పండక్కి టపాసులు అడిగిన పిల్లకు ఒప్పుకున్నట్టు ఒప్పుకున్నారు. "సరే కన్నా, స్టవ్ దగ్గర జాగ్రత్త, మేం పక్కనే ఉంటాం" అన్నారు. ఏడాది పాటు అదే స్టవ్ మీద ఆమె వండిందే తిని బతికిన మనుషులు వాళ్ళు.

స్పందన గుత్తొంకాయ కూర, పప్పుచారు చేసింది. మసాలా నూరింది, వంకాయలు చీల్చి కూరింది, నూనెలో మగ్గించింది. పోపు వాసనకు మేడ మీద ఇంటివాళ్ళు కూడా కిటికీ తీశారు. అంతా అయ్యాక ఉప్పు డబ్బా తీసుకుని, దోసెడు కూరలో, దోసెడు చారులో వేసి కలిపింది. నలుగురిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఛీ అంటే చాలు, ఆ ఒక్కరి కోసం ఈ ఇంట్లో ఉండిపోతానని పోట్లాడాలి. ఎవరూ అనకపోతే కేంబ్రిడ్జే నయం. అక్కడైతే అబద్ధమాడేవాళ్ళు ఇద్దరే ఉంటారు.

అందరూ కూర్చున్నారు. బీపీ ఉందని అప్పడం వద్దన్న కోదండరామ్ గారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆయన కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. దవడ ఆగింది. అప్పుడాయన స్పందన వైపు చూసి, చిరునవ్వు తెచ్చుకుని, మింగారు.

"అద్భుతం" అన్నారు, కళ్ళ నీళ్ళతో. "చెప్పానా, ఏదో ఒక దాంట్లో జీనియస్ ఉంటారని! దేవుడు ఒకటి తీసుకుంటే ఇంకొకటి ఇస్తాడు." పుణ్యం దక్కుతుందని కాబోలు, ఇంకో వంకాయ కూడా వేయించుకున్నారు.

"సూపర్ బంగారం, అచ్చం మా అమ్మ చేతి వంట" అంది సుగుణ. ఆ మాట వాళ్ళమ్మ వింటే ఏమయ్యేదో.

శాంత ఆంటీ రెండో గ్లాసు ఎత్తి తాగి, "మీ ఊళ్ళో నీళ్ళు చాలా బాగుంటాయమ్మా" అంది. ఆ బల్ల దగ్గర ఎవరైనా నిజం చెప్పారంటే అది ఆవిడే.

"స్నేహా, నీకెట్లుంది?" అంది స్పందన.

స్నేహ కంచంలోకి చూస్తూ, "బాగుంది" అంది.

స్పందనకు వచ్చింది ఏడుపు కాదు, అంతకన్నా చెడ్డది. ఎదుటివాళ్ళ మనసు చదవలేకపోవడమే ఆటిజమని కోదండరామ్ గారు ఎక్కడో చదివి మొన్న సోఫాలో అందరికీ వివరించారు. ఇక్కడ మనసులు చదవగలిగిన మారాజులు నలుగురు కూర్చుని, ఎదురుగా ఉన్న పిల్ల మనసులో ఏముందో ఒక్క ముక్క చదవలేక ఉప్పు మింగుతున్నారు. అబద్ధమాడటం కాదు ఆమెను కోసేసింది. అంత తేలిగ్గా, అంత ప్రేమగా ఆడటం.

"నేను కావాల్నే ఏసిన" అంది. "ఉప్పు. దోసెడు దోసెడు. కుక్క గూడ ముట్టదు దీన్ని. మీరెందుకు తింటున్నరు?"

సుగుణ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోదండరామ్ గారు మాత్రం చెయ్యెత్తి అందరినీ శాంతింపజేశారు.

"ఎవరూ ఏమీ అనకండి. దీన్ని బిహేవియర్ అంటారు. పాపం తను చేసింది కాదిది, ఆ కండిషన్ చేయించింది."

"నేనే చేసిన అంకుల్. నా చేత్తోటి."

"అవునమ్మా, అవునవును" అన్నారాయన, ఊయలలో పసిపిల్లతో అన్నట్టు.

పుట్టి బుద్ధెరిగాక ఇంత శ్రద్ధగా, ఇంత ఇష్టంగా ఆమె చేసిన వెధవ పని ఇదొక్కటే. దాన్ని కూడా ఆమెకు దక్కనివ్వలేదు. మంచి చేస్తే దేవుడు చేయించాడు, చెడు చేస్తే కండిషన్ చేయించింది, మధ్యలో తనకంటూ ఏమీ లేదు. ఆమె లేచింది. సామాను సర్దుకోవాలి.

అప్పుడు కుర్చీ కిర్రుమంది. స్నేహ లేచి, సింకు దగ్గరికి వెళ్ళి, నోట్లో మిగిలిన ముద్దను తుపుక్కున ఉమ్మింది. కుళాయి కింద నోరు పెట్టి పుక్కిలించింది. మూతి తుడుచుకుని ఇటు తిరిగేసరికి మొహం కందగడ్డలా ఉంది.

"కండిషనూ లేదు, కాకరకాయా లేదు అంకుల్. ఒళ్ళు కొవ్వు. ఒట్టి కొవ్వు దీనికి!"

"అమ్మా స్నేహా, గట్టిగా మాట్లాడకు, తను ట్రిగ్గర్ అవుతుంది."

"అవనివ్వండి. నేనూ అవుతున్నా." స్నేహ స్పందన ముందుకొచ్చి నిలబడింది, కానీ ముట్టుకోలేదు. "మంచి వంకాయల కోసం వానలో ఊరంతా తిరిగానే! నీకు అన్నం విలువ తెలుసా అసలు? నెల్లాళ్ళ నుంచి నోరు కుట్టేసుకుని చచ్చిపోతున్నా నీతో, ఎక్కడ ఏమంటే ఎక్కడ పగిలిపోతావోనని. నోటితో అడిగి చావొచ్చుగా!"

"అడిగిన. లీజు గురించి అడిగినప్పుడు నువ్వు కాలివేళ్ళు చూసుకున్నవ్."

"చూసుకున్నాను" అంది స్నేహ, గొంతు తగ్గించి. "నీకేదో జబ్బని, నాకు చేతకాదని భయమేసింది. గాడిదనయ్యాను, సరేనా? అందుకని ఉప్పు మింగిస్తావా మనిషి చేత?"

"నువ్వెందుకు మింగినవ్? బాగుందని ఎందుకన్నవ్?"

"నా ఖర్మ! అన్నాను!"

కోదండరామ్ గారు మళ్ళీ చెయ్యెత్తబోయారు. శాంత ఆంటీ ఆ చెయ్యి పట్టుకుని, "మీరు ముందు బీపీ బిళ్ళ వేసుకోండి" అంది. అరుపులు తను భరించలేనని సుగుణ వెక్కివెక్కి ఏడుస్తూ గదిలోకి వెళ్ళింది. సాయంత్రం కేంబ్రిడ్జ్ కారు ఎక్కింది స్పందన సామాను కాదు, సుగుణ సామాను. కన్నకూతురిలా చూసుకునే బేస్‌మెంట్ ఖాళీగా పోకూడదు కదా. ఆ పిల్లకు పెద్ద ఎపిసోడ్ వచ్చిందని, తాను దగ్గరుండి హ్యాండిల్ చేశానని కోదండరామ్ గారు సంఘంలో చెప్పుకున్నారట. చెప్పుకోనీ, ఆయనకూ కాలక్షేపం కావాలి.

వాళ్ళు వెళ్ళాక వంటిల్లు నిండా ఎంగిలి కంచాలే. లీజులో సుగుణ పేరు కొట్టేసి స్పందన పేరు రాయమని స్నేహ ఇంటి ఓనరుకు మెసేజ్ పెట్టింది. తర్వాత గుత్తొంకాయ గిన్నెలోకి చూసి, మళ్ళీ మండిపడింది.

"ఈ జిడ్డంతా ఎవడు వదిలిస్తాడు? నువ్వే చెయ్యాలి. రేపూ నువ్వే, ఎల్లుండీ నువ్వే. నాకు ఆకలి చచ్చేలా ఉంది, నాతో మాట్లాడకు."

స్పందన పీచు అందుకుంది. కుళాయి తిప్పిందో లేదో కళ్ళు మసకబారాయి. ఆపుకుందామనుకుంది గానీ భుజాలు కదిలిపోతున్నాయి. స్నేహ వెనక నుంచి చూసింది. ఒక అడుగు ముందుకేసి, ఆగింది.

"ఏడువు, ఎవరొద్దన్నారు? తోముతూ ఏడువు."

స్పందన తోముతూ ఏడ్చింది.